పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: క్లాసికల్ గిటార్ నొటేషన్, స్టడీలు

క్లాసికల్ గిటార్ సాధన చేస్తున్న పాఠకులు నొటేషన్ పుస్తకాల గురించి, స్టడీల (సాధన కోసం రాసిన చిన్న రచనల) గురించి పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాము.

ప్రశ్న: కొన్నేళ్లుగా ట్యాబ్ చూసి నైలాన్ తీగల గిటార్ వాయిస్తున్నాను. ఏ తీగ మీద ఏ ఫ్రెట్ దగ్గర వేలు పెట్టాలో ట్యాబ్ సూటిగా చెబుతుంది కదా, మరి అయిదు గీతల నొటేషన్ నేర్చుకోవలసిన అవసరం నిజంగా ఉందా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ట్యాబ్‌ను చిన్నచూపు చూడవలసిన పని లేదు. 1536లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో లూయిస్ మిలాన్ అచ్చు వేయించిన విహువేలా (గిటార్‌ను పోలిన పాత స్పానిష్ తీగ వాద్యం) గ్రంథం ‘ఎల్ మాయెస్త్రో’లో వాద్య సంగీతమంతా ట్యాబ్‌లోనే ఉంది. అందులోని ఆరు గీతలు, గీతల మీద ఫ్రెట్ అంకెలు, వాటి పైన కాలప్రమాణం తెలిపే గుర్తులు ఈనాటి ట్యాబ్‌కు ఎంతో దగ్గరగా ఉంటాయి. పైగా అన్నిటికన్నా పై గీతను హెచ్చు స్థాయి తీగకు కేటాయించడంలో కూడా మిలాన్ పద్ధతి మన పద్ధతే. కాబట్టి ట్యాబ్ అనేది చదువురాని వారి కోసం ఈ మధ్య పుట్టిన అడ్డదారి అనుకోవడం చరిత్రకు విరుద్ధం.

అయినా మీ ప్రశ్నకు నా సమాధానం ‘నేర్చుకోవాలి’ అనే. వేలు ఎక్కడ పెట్టాలో, కాలప్రమాణపు గుర్తులుంటే ఎప్పుడు మీటాలో ట్యాబ్ చెబుతుంది కానీ, ఆ స్వరం ఎంతసేపు బతికి ఉండాలో, దాని పక్కన మోగుతున్న మరో స్వరంతో దానికి ఉన్న సంబంధమేమిటో చెప్పలేదు. క్లాసికల్ గిటార్ సాహిత్యంలో ఒకే చేతి కింద రెండు, ఒక్కోసారి మూడు గొంతులు ఏకకాలంలో నడుస్తుంటాయి. నొటేషన్‌లో పై గొంతు స్వరాలకు కాడలు (స్వరపు గుర్తుకు ఉండే నిలువు గీతలు) పైకి, మంద్ర స్వరాలకు కాడలు కిందికి ఉంటాయి కనుక, ఏ స్వరం ఏ గొంతుకు చెందినదో కంటికే తెలిసిపోతుంది. గిటార్ స్వరకర్త ఫెర్నాండో సోర్ రాసిన 35వ ఓపస్‌లోని 22వ స్టడీని (ఓపస్ అంటే స్వరకర్త రచనలకు ప్రచురణ వరుసలో ఇచ్చే సంఖ్య), అంటే అందరూ ఇష్టపడే ఆ బి మైనర్ స్టడీని, ఒకసారి ట్యాబ్‌లోను, మరోసారి నొటేషన్‌లోను పక్కపక్కన పెట్టి చూడండి. ట్యాబ్‌లో అది సమానమైన దూరాల్లో వరుసగా పేర్చిన అంకెల్లా కనిపిస్తుంది, వాయించినప్పుడు కూడా అలాగే ఒక అర్పెజియో (ఒకేసారి మోగే స్వరాల గుంపును, అంటే కార్డ్‌ను, ఒక్కొక్క స్వరంగా విడదీసి మీటడం) అభ్యాసంలా వినిపిస్తుంది. నొటేషన్‌లో మాత్రం కొన్ని స్వరాలకు పైకి మరో కాడ ఉండి, వాటిని కలిపి చదివితే ఒక పాట బయటపడుతుంది. ఆ పాటను నిలబెట్టి, మిగిలిన స్వరాలను దాని వెనుక మెల్లగా నడిపించడమే ఆ స్టడీలో నేర్చుకోవలసిన విషయం.

రెండో కారణం గిటార్ స్వభావంలోనే ఉంది. మొదటి తీగను ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటితే వచ్చే ‘ఇ’ స్వరమే రెండో తీగ అయిదో ఫ్రెట్ దగ్గర, మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్ దగ్గర, నాలుగో తీగ పద్నాలుగో ఫ్రెట్ దగ్గర కూడా దొరుకుతుంది. నాలుగు చోట్లా ఎత్తు ఒకటే అయినా నాదం వేరు. ట్యాబ్ ఈ నాలుగింటిలో ఒకదాన్ని ముందే మీ తరఫున ఎంచేస్తుంది. నొటేషన్ చదివే గిటారిస్టు చదవడంలో మొదట్లో పియానో విద్యార్థి కన్నా ఎక్కువ కష్టపడడానికి కారణం ఈ ఎంపికే, తర్వాత దొరికే స్వేచ్ఛకు కారణమూ అదే.

మీరు చేయవలసినదల్లా, ఇప్పటికే చేతికి వచ్చిన ఒక చిన్న రచనను తీసుకుని దాన్ని నొటేషన్‌లో చదవడం, తర్వాత మొదటి నాలుగు ఫ్రెట్‌ల పరిధిలో ఉండే కొత్త రచనలను రోజూ కొన్ని వరుసలు చదవడం. గిటార్ సంగీతాన్ని వినిపించే ఎత్తు కన్నా ఒక స్థాయి పైన రాస్తారన్న సంగతి గుర్తుంచుకుంటే, పియానోతో లేదా వయొలిన్‌తో కలిసి వాయించేటప్పుడు తికమక ఉండదు.

ప్రశ్న: ముద్రిత ప్రతుల్లో స్వరాల పక్కన కనిపించే అక్షరాలు, అంకెలు, వలయాల అర్థం చెప్పగలరా? – ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: పి, ఐ, ఎం, ఎ అనే అక్షరాలు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేళ్లకు స్పానిష్ పేర్ల తొలి అక్షరాలు. వలయం లేని అంకెలు ఎడమచేతివి: 1 అంటే చూపుడువేలు, 4 అంటే చిటికెనవేలు, 0 అంటే ఏ వేలూ పెట్టకుండా తీగను వదిలేయడం. వలయంలో ఉన్న అంకె తీగ సంఖ్యను చెబుతుంది, సన్నని తీగ ఒకటోది. రోమన్ అంకె ఎడమచేతి చూపుడువేలు నిలిచే ఫ్రెట్‌ను సూచిస్తుంది. దాని ముందు ‘సి’ అనో ‘బి’ అనో ఉంటే ఆ ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో పలు తీగలను నొక్కిపట్టే బారే వేయాలని అర్థం. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. ఈ గుర్తుల్లో ఎక్కువ భాగం స్వరకర్త రాసినవి కావు, సంపాదకుడు చేర్చినవి. మీ చేతికి అవి కుదరకపోతే, గొంతులు తెగిపోకుండా చూసుకుంటూ మార్చుకోవడానికి సంకోచించనక్కరలేదు.

ప్రశ్న: అంతర్జాలం నుంచి సోర్, కరుల్లి, కార్కస్సి, జులియానీల స్టడీలను దించుకున్నాను. అవి వందల్లో ఉన్నాయి. ఏవి ముందు, ఏవి తర్వాత? ఇవన్నీ మన సరళీ వరుసల వంటి అభ్యాసాలేనా, లేక కచేరీలో వాయించదగిన రచనలా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ప్రశ్నలోని రెండో భాగం నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే దానికి సమాధానం దొరికితే వరుస క్రమం కూడా చాలావరకు తేలిపోతుంది. ‘స్టడీ’ అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు సంగతులు చలామణి అవుతున్నాయి. మావురో జులియాని 1812లో వియన్నాలో ప్రచురించిన ఒకటో ఓపస్‌లో కుడిచేతి కోసం 120 అర్పెజియో సూత్రాలు ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఎడమచేతికి రెండే కార్డ్‌లు, సి మేజర్, జి సెవెన్త్. అది సరళీ, జంట వరుసల కోవకు చెందినది; రోజూ నాలుగైదు సూత్రాలను నిదానంగా, ప్రతి వేలి మీటు సమానంగా పలికేలా వాయిస్తే చాలు, ఎవరికీ వినిపించనక్కరలేదు. సోర్ స్టడీలు అలాంటివి కావు. కర్ణాటక సంగీతంలో తానవర్ణం విద్యార్థి గొంతును, చేతిని తీర్చిదిద్దుతూనే కచేరీ తొలి అంశంగా గౌరవం పొందినట్టే, సోర్ మంచి స్టడీలు ఒక సాంకేతిక సమస్యను పరిష్కరిస్తూనే పూర్తి సంగీత రచనలుగా నిలుస్తాయి. వాటిని వేళ్ల కసరత్తుగా వాయించి పక్కన పెట్టేవారు వాటిలోని సగాన్ని ఎప్పటికీ వినలేరని నా గట్టి నమ్మకం.

1778లో బార్సిలోనాలో పుట్టి 1839లో పారిస్‌లో మరణించిన సోర్, స్టడీలను ఆరు సంపుటాలుగా రాశాడు: 6, 29, 31, 35, 44, 60 ఓపస్‌లు. ఇక్కడే చాలామంది విద్యార్థులు పొరబడతారు. ఓపస్ సంఖ్య చిన్నదైతే రచన సులభమని అనుకుని ఆరవ ఓపస్‌తో మొదలుపెడతారు. నిజానికి 6, 29 ఓపస్‌లు పైస్థాయి విద్యార్థులవి. సోర్ వయసు పెరిగేకొద్దీ, శిష్యులకు చెప్పేకొద్దీ, ఇంకా కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలని గ్రహించినట్టు ఆ వరుసే సాక్ష్యం చెబుతుంది. 44వ ఓపస్‌లోని 24 చిన్న రచనలను పూర్తిగా కొత్తవారి కోసమని పేర్కొన్నాడు. జీవితపు చివరి సంవత్సరాల్లో వెలువడిన 60వ ఓపస్‌లోని 25 పాఠాలు ఒక్కొక్క స్వరంగా నడిచే ఏకగళ రాగంతో మొదలై, మెల్లగా రెండో గొంతును పరిచయం చేస్తాయి. కనుక నొటేషన్ అప్పుడే నేర్చుకుంటున్నవారు 60వ ఓపస్‌తో మొదలుపెట్టి, 44లోకి, ఆ తర్వాత 31, 35లలోకి వెళ్లడం మంచిది. అన్నీ వాయించనక్కరలేదు. 35వ ఓపస్‌కు ‘చాలా సులభమైన అభ్యాసాలు’ అన్న పేరున్నా, అందులోని 17వ, 22వ స్టడీలు ఎంతమాత్రం సులభం కావు. చేతికి అందినట్టే ఉండి, గొంతులను విడదీసి వినిపించాలంటే నెలల సాధన కోరతాయి.

ఈ దశకు చేరాక మాటెయో కార్కస్సి 60వ ఓపస్‌లోని 25 స్టడీలను పక్కన పెట్టుకోండి. సోర్‌లో గొంతుల అల్లిక ప్రధానమైతే, కార్కస్సిలో వేళ్ల నడక స్పష్టంగా విభజితమై ఉంటుంది: మొదటిది సి మేజర్‌లో స్కేల్ (ఆరోహణ, అవరోహణ స్వర వరుసల) పరుగుల కోసం, మూడోది అర్పెజియో మీద తేలే రాగాన్ని ఉంగరపువేలితో నిలబెట్టడం కోసం, ఏడోది ఒకే స్వరాన్ని వేళ్లు మార్చుతూ వేగంగా పలికించడం కోసం. ఆ మూడో స్టడీని నా శిష్యులందరి చేతా వాయిస్తాను. కుడిచేతిలో ఉంగరపువేలు బలహీనమన్న సాకు దాని ముందు నిలవదు.

కరుల్లి విద్యార్థికి ఊరటనిస్తాడు, ఆయన చిన్న రచనలు నొటేషన్‌ను తొలిచూపులో చదివే సాధనకు బాగా పనికివస్తాయి. అంతకు మించి వాటి దగ్గర ఎక్కువ కాలం ఆగవలసిన పని లేదు.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే, 1939లో హవానాలో పుట్టిన లియో బ్రౌవర్ రాసిన 20 సరళ స్టడీలు తప్పనిసరి. మొదటి స్టడీలోనే రాగాన్ని బొటనవేలికి ఇచ్చి పై వేళ్లకు తోడు స్వరాలు అప్పగించడం వల్ల, అప్పటిదాకా పై తీగల్లోనే పాటను వెతికే అలవాటు వదిలిపోతుంది. క్యూబా లయ అందులో ఉంటుంది కనుక లయలో ఊనిక పడే చోట స్వరాన్ని నొక్కి పలికే విద్య కూడా అబ్బుతుంది. బ్రెజిల్ స్వరకర్త హెయిటర్ విల్లా-లోబోస్ 12 స్టడీలు మాత్రం చివరి మెట్టు. 1920లలో రాసి స్పానిష్ గిటారిస్టు ఆండ్రెస్ సెగోవియాకు అంకితమిచ్చిన ఆ సంపుటం 1953లో పారిస్‌లో అచ్చయింది. మొదటి స్టడీలో మొదటి నుంచి దాదాపు చివరి దాకా ఒకే అర్పెజియో సూత్రం, దాదాపు ప్రతి బార్ (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే ఒక తాళ ఖండం) రెండేసి సార్లు వస్తుంది; మధ్యలో ఎడమచేయి ఒకే కార్డ్ ఆకారాన్ని పట్టుకుని ఒక్కొక్క ఫ్రెట్‌గా కిందికి దిగుతుంది. గిటార్ మెడ మీద చేయి సహజంగా ఎలా జారుతుందో తెలిసినవాడు రాసిన సంగీతమది. అందుకే చూడడానికి భయపెట్టినా చేతికి అలవాటైతే మనసును పట్టేస్తుంది.

దించుకున్న వందల్లో నుంచి ఈ సంవత్సరానికి ఎనిమిదో పదో ఎంచుకోండి. వాటిని కంఠతా వచ్చేలా, ఎవరైనా అడిగితే నిలబడి వినిపించగలిగేలా పూర్తి చేయండి. వంద స్టడీలను మొదటి పుట దాకా తెలిసినవారి కన్నా పది స్టడీలను చివరి స్వరం దాకా వాయించగలిగినవారి చేయి ఎక్కువ దూరం వెళ్లడం చూస్తూనే ఉన్నాను.

ప్రశ్న: మా గురువుగారి దగ్గర సెగోవియా సంకలనం చేసిన సోర్ 20 స్టడీల పుస్తకం ఉంది. నేను విడిగా ముద్రించుకున్న పాత ప్రతితో పోలిస్తే సంఖ్యలు కలవడం లేదు, వేళ్ల గుర్తులు వేరు, అక్కడక్కడ స్వరాలు కూడా వేరు. ఏది సరైనది? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సెగోవియా 1945లో వెలువరించిన ఆ సంకలనం ఒక గొప్ప వాద్యకారుడి దృష్టికి నిదర్శనం. సోర్ స్టడీలు ప్రపంచమంతటా విద్యార్థుల చేతుల్లోకి వెళ్లడానికి ప్రధాన కారణమూ అదే. అయితే అందులోని 1 నుంచి 20 దాకా ఉన్న సంఖ్యలు సెగోవియావి, సోర్‌వి కావు. పైన చెప్పిన బి మైనర్ స్టడీ అక్కడ 5వది, సోర్ లెక్కలో 35వ ఓపస్ 22వది. సెగోవియా మొదటి స్టడీ సోర్ 6వ ఓపస్‌లో 8వది. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఓపస్ సంఖ్య చెప్పడం అలవాటు చేసుకుంటే గందరగోళం ఉండదు.

ఇంకొక సంగతి గమనించండి. ఆ ఇరవైలో ప్రతి ఒక్కటీ 6, 29, 31, 35 ఓపస్‌ల నుంచి తీసుకున్నదే. 44, 60 ఓపస్‌ల నుంచి ఒక్కటి కూడా లేదు. ఆ పుస్తకాన్నే సోర్ సమగ్ర పాఠ్యక్రమంగా భావించి దానితో మొదలుపెట్టిన విద్యార్థి, తన కోసం సోర్ ప్రత్యేకంగా రాసిన తొలి మెట్లను చూడకుండానే నడుమ మెట్టు ఎక్కవలసి వస్తుంది.

వేళ్ల గుర్తుల తేడాకు కారణం వాయించే పద్ధతిలోనే ఉంది. సోర్ గోళ్లు వాడకుండా వేలికొనల కండతో మీటేవాడు. కుడిచేతిలో ఎక్కువగా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేళ్లనే వాడి, అవసరమైనప్పుడే ఉంగరపువేలిని పిలిచేవాడు. ఆయన మిత్రుడు డయోనిసియో ఆగ్వాడో గోళ్లతో వాయించేవాడు. ఇద్దరూ కలిసి వాయించడానికి సోర్ ‘ఇద్దరు మిత్రులు’ అన్న అర్థం వచ్చే పేరుతో యుగళ రచన కూడా చేశాడు, కాబట్టి పద్ధతిలోని తేడా వారి స్నేహానికి అడ్డు రాలేదు. సెగోవియా గోరు, కండ కలిపి మీటి, పెద్ద సభామందిరాలకు సరిపోయే నాదాన్ని కోరుకున్నవాడు. కాబట్టి ఆయన గుర్తులు ఆయన నాదానికి సరిపోతాయి.

నా సలహా ఏమిటంటే, స్వరాల విషయంలో సోర్ జీవితకాలపు ముద్రణను ప్రమాణంగా తీసుకోండి, వేళ్ల విషయంలో మీ గురువుగారు చెప్పినదాన్ని, సెగోవియా గుర్తులను, మీ చేతి అనుభవాన్ని కలిపి నిర్ణయించుకోండి. పాత ముద్రణల్లో అచ్చు తప్పులు కూడా ఉంటాయి. ఒక స్వరం చెవికి విడ్డూరంగా తగిలితే వెంటనే దిద్దకుండా, అదే పదబంధం రచనలో మరోచోట ఎలా వచ్చిందో చూసి తేల్చుకోండి.

ప్రశ్న: ఉచితంగా దొరికే నొటేషన్‌ను ముద్రించుకోవడం చట్టసమ్మతమేనా? నేను దించుకున్న ప్రతులను విజయవాడలో ఉన్న మా మేనల్లుడికి పంపవచ్చా? – ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: సోర్, జులియాని, కార్కస్సి, కరుల్లి, ఆగ్వాడో, 1909లో మరణించిన ఫ్రాన్సిస్కో తార్రెగా – వీరి మూల రచనలకు ఇప్పుడు ఎక్కడా హక్కుల అడ్డంకి లేదు. వాటి పాత ముద్రణల ప్రతిరూపాలు ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అనే ఉచిత నొటేషన్ జాలస్థలంలోనే కాక, స్టాక్‌హోమ్ సంగీత, నాటక గ్రంథాలయంలోని బోయె సేకరణలోను, కోపెన్‌హాగన్ రాయల్ లైబ్రరీలోని రిషెల్, బిర్కెట్-స్మిత్ సేకరణలోను ఉచితంగా లభిస్తాయి. గిటార్ మీద ప్రేమతో కొందరు జీవితమంతా కూడబెట్టిన సంపద ఈనాడు మన ఇంటి ముద్రణ యంత్రం దాకా వస్తోంది, దాన్ని వాడుకోండి.

ఆధునికుల విషయంలో దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. భారత చట్టం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది. విల్లా-లోబోస్ 1959లో మరణించాడు కనుక, ఆ గడువు 2019తో ముగిసింది. అమెరికాలో ఆ కాలపు ప్రచురణలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్కిస్తారు, కాబట్టి 1953 నాటి స్టడీలు మీరున్న చోట ఇంకా రక్షణలో ఉన్నాయి. సోర్ ప్రతులను మీ మేనల్లుడికి నిశ్చింతగా పంపండి. విల్లా-లోబోస్ స్టడీలను మాత్రం మీరు ఉచిత ప్రతిగా దించి పంపడం సరికాదు. బ్రౌవర్ జీవించి ఉన్న స్వరకర్త, ఆయన పుస్తకాన్ని ఎక్కడైనా కొనుక్కోవలసిందే. పాత రచనకు కొత్త సంపాదకుడు చేసిన సవరణలకు, రాసిన ముందుమాటకు విడిగా హక్కులు ఉండవచ్చన్నది కూడా మనసులో ఉంచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది, గీతాల దాకా వచ్చింది. ఇప్పుడు క్లాసికల్ గిటార్ కూడా కావాలంటోంది. సరళీ వరుసలనే గిటార్ మీద వాయిస్తే సరిపోతుందా, లేక మొత్తం కొత్తగా మొదలుపెట్టాలా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి ఉన్న స్వరజ్ఞానం, తాళజ్ఞానం చాలా పెద్ద పెట్టుబడి, అది గిటార్‌లో ఏమాత్రం వృథా కాదు. చేతుల పని మాత్రం వేరు. వీణలో కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు తీగను మీటితే చిటికెనవేలు తాళపు తీగలను చూసుకుంటుంది. గిటార్‌లో బొటనవేలు మంద్ర తీగలను, తక్కిన మూడు వేళ్లు పై తీగలను పంచుకుంటాయి. వీణలో ఎడమచేతి రెండు వేళ్లు ఎక్కువగా ఒకే తీగ వెంట నడుస్తూ, తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాయి. గిటార్‌లో నాలుగు వేళ్లూ ఒకేచోట నిలిచి ఆరు తీగల మీద పరుచుకుంటాయి, నైలాన్ తీగ ఆ స్థాయి గమకానికి లొంగదు. అందువల్ల వీణ మీద వచ్చిన కృతిని గిటార్ మీదికి దించే ప్రయత్నం ఇప్పుడే చేయించకండి. పిల్లకు రెండు వాద్యాల మీదా అసంతృప్తే మిగులుతుంది.

కానీ సరళీ వరుసలను నొటేషన్ నేర్పడానికి చక్కగా వాడుకోవచ్చు. వినడానికి అలవాటైన స్వరాలను కంటితో చూసినప్పుడు పిల్లలు త్వరగా పట్టుకుంటారు. మాయామాళవగౌళను ‘ఎ’ షడ్జమంగా రాయండి. మూడో తీగ రెండో ఫ్రెట్ దగ్గర షడ్జమం, మూడో ఫ్రెట్ దగ్గర రిషభం, రెండో తీగ రెండో ఫ్రెట్ దగ్గర గాంధారం, మూడో ఫ్రెట్ దగ్గర మధ్యమం, మొదటి తీగను వదిలి మీటితే పంచమం, అదే తీగ ఒకటో ఫ్రెట్ దగ్గర ధైవతం, నాలుగో ఫ్రెట్ దగ్గర నిషాదం, అయిదో ఫ్రెట్ దగ్గర తార షడ్జమం. చివరి షడ్జమం కోసం చేయి కొద్దిగా పైకి జరగాలి. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఒకదాని తర్వాత ఒకటి మీటాలి, ఒకే వేలు రెండుసార్లు వరుసగా రాకూడదు. ఇది కుదిరాక, నాలుగు అక్షరాలకు ఒకసారి బొటనవేలితో అయిదో తీగను వదిలి మీటమనండి. ఆ తీగ కూడా ‘ఎ’ స్వరమే, కాబట్టి అది శ్రుతిగా నిలుస్తుంది. దీన్ని కాగితం మీద రాస్తే, పై వరుస స్వరాల కాడలు పైకి, నాలుగక్షరాల మంద్ర స్వరం కింద విడిగా కనిపిస్తాయి. రెండు గొంతులను ఒకేసారి చదవడమంటే ఏమిటో ఆ ఒక్క పుటతో పిల్లకు తెలుస్తుంది. వెంటనే సోర్ 60వ ఓపస్ తొలి పాఠాలు చేతిలో పెట్టవచ్చు.

వాద్యం విషయానికి వస్తే, పెద్దల క్లాసికల్ గిటార్ తీగల నిడివి సుమారు 650 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ అమ్మాయి చేయి చిన్నదైతే మూడు వంతుల పరిమాణపు గిటార్ తీసుకోండి, ఉక్కు తీగలది కాకుండా నైలాన్ తీగలదే తీసుకోండి. కుడిచేతి గోళ్ల గురించి వీణ గురువుగారిని, గిటార్ గురువుగారిని ముందే అడిగి, ఇద్దరికీ సరిపోయే పొడవు నిర్ణయించుకోండి.